సుద్ద గోడలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉన్న ఇంటిని పగలగొట్టి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ సామెత కట్టినవాడికి తమ్ముడు ఉండి ఉండడు.

పొద్దున్నే పళ్ళు తోముకుని, తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ పెరటి గుమ్మంలోంచి లోపలికి వస్తున్న పెద్దోడికి తట్టిన ఆలోచన ఇది. హాల్లోకి వచ్చి వీధి వైపు నాలుగడుగులు వేశాడో లేదో, ఎత్తిన కాలు గాల్లోనే ఆపేశాడు. ఎదురుగా గోడ ఉంది. నిజానికి గోడేం లేదు, నేల మీద తెల్లటి సుద్ద గీత ఉంది. కానీ ఆ ఇంట్లో గత ఆదివారం నుంచీ గీతంటే గోడే. పక్కకి జరిగి, గీత మధ్యలో వదిలిన ఖాళీలోంచి, అంటే గుమ్మంలోంచి, బుద్ధిమంతుడిలా అవతలికి వెళ్ళాడు.

అప్పటికే అక్కడ కాలేజీకి తయారై నిలబడ్డ కూతురు, టీ గ్లాసులతో వస్తున్న తల్లి కేసి తిరిగి గాలిని టకటకా కొట్టింది.

"లోపల ఎవరండీ?"

"గడియ పెట్టాను. చుట్టూ తిరిగి రా," అంది పెద్దోడి భార్య నవ్వాపుకుంటూ.

పెద్దోడు కూడా నవ్వబోయాడు. సరిగ్గా అప్పుడే అమ్మ గది తలుపు తెరుచుకుంది. అమ్మ గుమ్మంలో కాసేపు ఆగింది. కళ్ళద్దాలు సర్దుకుంది. ఆ తరువాత తిన్నగా, తమ్ముడి మంచం పడాల్సిన చోటు మీంచి, సుద్ద గోడలోంచి నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె వెనకాల నేల మీద తెల్లటి మడమ ముద్రలు పడ్డాయి.

పెద్దోడికి టీ చేదుగా అనిపించింది. సోమవారం పొద్దున్నే గోడలు కొట్టేవాళ్ళు వస్తారు. ఈలోగా అమ్మ కాళ్ళు చెబుతున్నదేమిటో తేలకపోతే, పడేది గోడ ఒక్కటే కాదు.

పెద్దోడు అంటే వయసులో పెద్ద, అంతకుమించి పెద్దరికం ఎవరూ ఇవ్వలేదు. బడి మధ్యలో మానేసి సూది పట్టుకున్నాడు. వీధి చివర బస్సులకీ కార్లకీ సీట్లు కుట్టే కొట్టు అతనిది. తమ్ముడు చిన్నోడు పెద్ద చదువు చదివి ఆఫీసులో కుర్చీ సంపాదించాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళే. కానీ చదువుకున్నవాడు చెబితే సలహా అంటారు, చదువుకోనివాడు చెబితే సణుగుడు అంటారు. ఈ సంగతి పెద్దోడికి ఎవరూ చెప్పక్కర్లేకుండానే అనుభవం మీద వచ్చింది.

చిన్నోడికి బదిలీ అయి ఈ ఊరు వచ్చేసరికి, అద్దె ఇంట్లో ఎందుకు, అందరం కలిసే ఉందాం అన్న మాట పుట్టింది. ఎవరు ముందన్నారో గుర్తులేదు, సంతోషంగానే అన్నారు. అయితే ఇల్లు నాన్న కట్టించినప్పటిది. వీధి వైపు హాలు, ఆ హాలుకు ముందు కొసన అమ్మ గది, వెనక కొసన వంటిల్లు. హాలు పొడుగునా ఒక గోడ, దాని అవతల ఇరుకైన మధ్య గది. ఆ గోడని అందరూ నడిమి గోడ అంటారు. చిన్నోడు ఇంజనీరును పట్టుకొచ్చాడు. నడిమి గోడ పడగొట్టి, హాలునీ మధ్య గదినీ కలిపేసి, అడ్డంగా కొత్త గోడ లేపితే చిన్నోడి కుటుంబానికి దర్జాగా ఒక గది వస్తుందని ఆ ఇంజనీరు కాయితం గీసిచ్చాడు.

ఆ కాయితం బల్ల మీద పరిచినప్పుడు, అందులో ఇల్లెక్కడుందో పెద్దోడికి అంతు పట్టలేదు. సన్నటి గీతలు, బాణాలు, అంకెలు. తల ఊపాడు. బడి మానేసినవాడికి అందరికంటే ముందు వచ్చే విద్య తల ఊపడమే. మరదలు ఓ పక్క, భార్య ఓ పక్క నిలబడి అతని ముఖం చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి. అప్పుడు నోట్లోంచి ఊడిపడింది ఆ మాట.

"కాయితం మీద ఇల్లు కాయితానికే బాగుంటుంది. నేల మీద గీద్దాం. ఓ వారం గీతల్లో కాపురం చేసి చూద్దాం. కత్తెర వెనక్కి కుట్టదు."

అది అతని పని పద్ధతి. రెక్సిన్ కోసే ముందు సుద్దతో గీస్తాడు, గీసిన గుడ్డ సీటు మీద పరిచి బండివాణ్ణి కూర్చోమంటాడు, ఆ తరువాతే కత్తెర. చిన్నోడు కాసేపు ఆలోచించి, "అన్నయ్యా, ఇది ఇంజనీరుకి కూడా తట్టలేదు," అన్నాడు. అది పొగడ్తో వెక్కిరింతో పెద్దోడు ఆ రోజంతా తేల్చుకోలేకపోయాడు. కానీ అన్నదమ్ములిద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ, తాడు లాగి పట్టుకుంటూ, నువ్వు వంకరగా గీశావంటే నువ్వే గీశావనుకుంటూ హాలంతా గీశారు. చిన్నప్పుడు బొంగరాలకి గీత గీసుకున్నాక మళ్ళీ అంత పని కలిసి చేసింది అదే.

వెళ్ళబోతూ చిన్నోడు చెప్పులు వేసుకుని, మెల్లిగా ఒక మాటన్నాడు. కలిసి ఉండటానికి తనకి కనిపించే దారి ఇదొక్కటేనని, ఇంట్లో ఎవరికి ఇష్టం లేకపోయినా బలవంతం వద్దని, అప్పుడు ఇల్లు అమ్మేసి ఎవరి వాటా వాళ్ళు తీసుకుని మంచిగా ఉందామని. కోపంగా అనలేదు. అదే పెద్దోణ్ణి భయపెట్టింది. సూదికి చప్పుడుండదు. దిగాకే తెలుస్తుంది.

అమ్మ మాత్రం మొదటి రోజే తేల్చి చెప్పింది. మీరిద్దరూ ఒక్క కప్పు కింద ఉంటే నాకు అంతకంటే ఏం కావాలి, గోడ పోతే పోనీ అంది. అలా అన్న మనిషి, మర్నాటి నుంచి రోజూ కొత్త గోడ తొక్కుకుంటూ తిరుగుతోంది. గుమ్మం పక్కనే ఉన్నా వాడదు. ఒకరోజు నడిమి గోడ పట్టుకుని నడుస్తుంది, ఇంకోరోజు హాలు నట్టనడుమ నుంచి వెళుతుంది. ఎటు వెళ్ళినా గీతల మీంచే.

"అత్తయ్యకి ఇష్టం లేదండీ," అంది భార్య ఆ పొద్దున, అతను కొట్టుకి బయలుదేరుతుంటే. నడిమి గోడ మీద నడుం ఎత్తున పొడుగునా సాగిన నల్లటి జిడ్డు చారను సబ్బుగుడ్డతో రుద్దుతోంది. అది ఆవిడకి వారం వారం తప్పని పని. అమ్మ జిడ్డు చేతులు గోడకి రాసుకుంటుందని ఆవిడ ఫిర్యాదు. "నోటితో కాదనలేక కాళ్ళతో కాదంటున్నారు. మీ తల్లిగారి సంగతి మీకు తెలీదా?"

"కూలిపోయే గోడకి సబ్బెందుకే?"

"ఉన్నన్నాళ్ళూ నా పరువు నాకు కావాలి," అంటూ ఆవిడ ఇంకా గట్టిగా రుద్దింది.

కూతురైతే దానికి పేరే పెట్టేసింది. నానమ్మ సమ్మె. అదే మాట ఫోన్లో బాబాయితో కూడా అందట. పిల్లలకి నోట్లో నువ్వుగింజ నానదు. పైగా ముందు రోజు మరదలు కిటికీ తెరలకి కొలతలు తీసుకోవడానికి వచ్చి, కళ్ళారా చూసి వెళ్ళింది. మా బీరువాలోంచి నడిచి వెళ్ళిపోయారు అత్తయ్య, నన్ను పలకరించను కూడా లేదు అని భార్యతో నవ్వుతూనే అందట. ఆ నవ్వు ఇంటికి వెళ్ళేసరికి ఇంకేమైనా అయి ఉంటుంది.

అయింది. మధ్యాహ్నం కొట్లో ఫోను మోగింది. చిన్నోడు ముందు ఎండల గురించి మాట్లాడాడు, ఆ తరువాత ఆఫీసు గురించి. పెద్దోడు భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టి సీటు కుడుతున్నాడు. చివరికి అసలు మాట వచ్చింది.

"అన్నయ్యా, నిజం చెప్పు. అమ్మ చేత నువ్వేమైనా చేయిస్తున్నావా?"

సూది వేలికి దిగింది. ఏం చేయించడంరా అని అడిగాడు. ఏం లేదులే, ఆదివారం వస్తాం, ముఖాముఖి మాట్లాడుకుందాం అని చిన్నోడు పెట్టేశాడు. పెద్దోడు వేలు నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. చదువు లేనివాడు ఎప్పుడూ ఏదో చేయిస్తూనే ఉంటాడని చదువుకున్నవాళ్ళ నమ్మకం. ఇల్లమ్మేస్తే తన వాటా తీసుకుని వాడు ఎక్కడైనా బతుకుతాడు. అమ్మ ఎవరి వాటాకి వస్తుంది? ఆ ప్రశ్న దగ్గర అతని ఆలోచన మేకు తగిలిన గుడ్డలా చిక్కుకుపోయింది. ఆ రోజు కుట్టిన కుట్లన్నీ వంకర పోయాయి.

సాయంత్రం తొందరగా కొట్టు మూసి అమ్మ దగ్గరికి వెళ్ళాడు. వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇదివరకు అక్కడ కూర్చుని పాత పత్రికలు తిరగేసేది. ఈ మధ్య ఊరికే కూర్చుంటోంది. అతను ఇంకా మెట్టెక్కకుండానే, "ఇవాళ పెందరాళే వచ్చావేంరా పెద్దోడా?" అంది.

పక్కన మెట్టు మీద కూర్చుని, ఎలా మొదలెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి అడిగేశాడు. "అమ్మా, గోడ పడగొట్టడం నీకు ఇష్టమేనా?"

"ఇష్టమేనని చెప్పాగా."

"మరి ఆ గీతల మీంచి ఎందుకు నడుస్తున్నావు?"

అమ్మ కుర్చీ చెయ్యి అంచుని వేలితో తడుముతూ ఉండిపోయింది. "పాత కాళ్ళురా. అలవాటు," అని, "ఆ కొత్త గోడ ఎక్కడిదాకా వస్తుందో మళ్ళీ ఓసారి చెప్పు," అంది.

పెద్దోడికి ఒళ్ళు మండింది. మోకాళ్ళు అరిగేలా గీసింది ఎందుకు? ఇది ఎత్తిపొడుపు కాకపోతే ఏమిటి?

"నీ కళ్ళ ముందే గీసి ఉందిగా," అన్నాడు.

"అవునవును. ఉందిలే," అంది అమ్మ, వీధి కేసి ముఖం తిప్పుకుని.

ఆదివారం భోజనాలయ్యాక చిన్నోడూ మరదలూ వచ్చారు. గోడలు కొట్టే మేస్త్రి పొద్దుటి నుంచి ఫోను చేస్తూనే ఉన్నాడు, రేపు మనుషులని పంపాలా వద్దా అని. సాయంత్రం చెబుతానని పెద్దోడు దాటవేస్తూ వచ్చాడు. ఇంట్లో అందరూ అతి మర్యాదగా ఉన్నారు. కొట్లాట ముందు వచ్చే మర్యాద కంటే కొట్లాటే నయం.

టీ పెట్టుకొస్తానంటూ అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. నేను పెడతాను అత్తయ్యా అని భార్య లేచినా కూర్చోమంది. ఈలోగా చిన్నోడు, కొత్త ఏర్పాట్లో అమ్మ కూర్చునే చోటు ఎంత బాగుంటుందో చూపిస్తానని, హాల్లో వీధి వైపున్న చెక్కబల్లను ఈడ్చుకొచ్చి నడిమి గోడకి ఆనించి పెట్టాడు. ఇదిగో, రేపు ఈ గోడ పోయాక ఇక్కడ కూర్చుంటే నేరుగా కిటికీ గాలి వస్తుంది, దీనికి కూడా అమ్మకి అభ్యంతరమేమిటో నాకు అర్థం కావడం లేదు అన్నాడు.

అభ్యంతరం ఉందని అమ్మ అనలేదుగా అన్నాడు పెద్దోడు.

"అనలేదు. రోజూ మా గది తొక్కుకుంటూ పోతోంది, అంతే. నీకు ఇష్టం లేకపోతే నువ్వు చెప్పన్నయ్యా. పెద్దావిడ చేత ఎందుకు చెప్పిస్తావు?"

"నేను చెప్పిస్తే చెప్పే మనిషా అమ్మ? ఇంట్లో ఉన్నవాడికి తెలుస్తుంది. సెలవులకి వచ్చిపోయే చుట్టానికి ఏం తెలుస్తుంది?"

"ఆ మాట ఎప్పుడంటావా అని చూస్తున్నా. నువ్వు బడి మానేసి నన్ను చదివించావని కూడా అనెయ్. అయిపోతుంది."

"నేననలేదు. నువ్వే అన్నావు."

మరదలు భర్త చెయ్యి పట్టుకుని ఆపబోయింది. పెద్దోడి భార్య ఏమండీ, ఏమండీ అంటోంది. ఎవరూ వినే స్థితిలో లేరు. ఇన్నేళ్ళు మడత పెట్టి దాచుకున్నవన్నీ ఒక్కొక్కటిగా విప్పుకుంటున్నారు. నాన్న పోయినప్పుడు ఎవరు ఆలస్యంగా వచ్చారు, పెళ్ళిలో ఎవరిని ముందు పిలిచారు, కాయితం అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పొచ్చుగా, సుద్దలూ గీతలూ ఎందుకు, ఇదంతా పని జాప్యం చెయ్యడానికేగా. చివరి మాట పెద్దోడికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. సరే, అమ్మేద్దాం, రేపే అమ్మేద్దాం అని అరిచాడు. ఆ మాట హాలంతా వినబడింది. వంటింట్లోకీ వినబడింది.

అమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. కుడి చేతిలో టీ పళ్ళెం, ఎడమ చెయ్యి నడిమి గోడ మీద. "ఆగండ్రా, ఆగండి," అంటూ వచ్చింది. అడ్డంగా ఉన్న చెక్కబల్ల మోకాళ్ళకి తగిలింది. పళ్ళెం ఎగిరి పడింది. గ్లాసులు పగిలాయి. టీ సుద్ద గీతల మీద పారి, తెలుపూ గోధుమా కలిసి బురదయింది.

కళ్ళద్దాలు పెట్టుకుని, మిట్ట మధ్యాహ్నం వెలుతుర్లో, ఇంత బల్ల కనిపించకపోవడం ఏమిటని ఒక్క క్షణం ఎవరికీ బుర్ర పని చెయ్యలేదు. అమ్మ అప్పటికే నేల మీద కూర్చుని ముక్కలు ఏరుతోంది. ఏం కాలేదు, ఏం కాలేదు అంటూ రెండు అరచేతులతో నేలని తడుముతోంది. పగలని గ్లాసు ఒకటి దొర్లి ఆమె మోకాలి పక్కనే ఆగి ఉంది. ఆమె చేతులు దాన్ని వదిలేసి, ఖాళీ నేల మీద, టీ మడుగులో, ఇంకాస్త అవతలికి వెతుక్కుంటూ పోతున్నాయి. అటు వైపు కత్తిలాంటి గాజు పెంకు ఉంది.

పెద్దోడు ఒక్క గెంతులో వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె ముఖానికి తన ముఖం జానెడు దూరంలో ఉంది.

అమ్మ తల కాస్త పక్కకి వంచి, అతని చెవి అవతల ఎటో చూస్తూ అడిగింది.

"ఎవరూ? పెద్దోడా, చిన్నోడా?"



పెద్దోడు చెయ్యి వదల్లేదు. తలెత్తి నడిమి గోడ కేసి చూశాడు. అమ్మ గది గుమ్మం నుంచి వంటింటి గుమ్మం దాకా, నడుం ఎత్తున, ఒకే తీరుగా సాగిన నల్లటి చార. సీటు ఎక్కడ అరిగిందో చూస్తే కూర్చున్నవాడు ఎటు ఒరిగి కూర్చుంటాడో చెబుతానని కొట్లో అందరికీ గొప్పలు చెప్పుకునేవాడు తను. సొంత ఇంట్లో, రోజూ చూసే గోడ ఎక్కడ అరిగిందో, ఎందుకు అరిగిందో అతనికి పట్టలేదు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నాడు.

"మెల్లిగానే పోయిందిలేరా. ముందు పక్కల చూపు పోయింది, తరువాత మధ్యది. ఇప్పుడు కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది, అంతే." పక్కింటావిడ వెంట ఓసారి కళ్ళాసుపత్రికి వెళ్ళిందట. పోయిన చూపు తిరిగి రాదన్నారట.

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు చిన్నోడు. వాడూ వచ్చి నేల మీద, టీ మడుగులోనే కూర్చుండిపోయాడు.

"కళ్ళు పోయాయంటే మీరు నా చేతులు కూడా తీసేసుకుంటారు. పొయ్యి దగ్గరికి రానివ్వరు. అమ్మా నువ్వు కూర్చో, అమ్మా నువ్వు లేవకు. నాకు ఈ ఇల్లు తెలుసురా. ఆ గోడ పట్టుకుంటే నాకు కళ్ళతో పనేముంది?"

"మరి ఆ గోడే పడగొడతామంటే సరేనన్నావు?"

"మీరిద్దరూ కలిసి ఉంటామన్నారు. గోడ కావాలని ఎలా అడగను? గోడ లేకుండా నడవడం నేర్చుకుంటున్నాను. కాస్త కాస్త వస్తోంది కూడా. ఆ కొత్త గోడ ఎక్కడిదాకానో తెలియక..." అమ్మ ఆగిపోయింది. "మీ గదిలోంచి నడిచానా చిన్నోడా? ఏమనుకోకు."

అది సమ్మె కాదు. వారం రోజులుగా ఇంటిల్లిపాదీ కాదనడం అనుకున్నది, అమ్మ ఒప్పుకోవడం. తన చేతికున్న ఒక్క ఆసరా కొడుకులకి ఇచ్చేసి, అది లేకుండా బతకడం ఒంటరిగా సాధన చేస్తోంది. వాళ్ళేమో తెల్లటి గీతలు గీసి, కనబడుతున్నాయిగా అన్నారు.

పెద్దోడి భార్య గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. వారం వారం సబ్బు పెట్టి రుద్దిన ఆ చార మీద చెయ్యి వేసి, అటు తిరిగి ఏడ్చింది. మరదలు గాజు పెంకులు ఏరుతూ తలెత్తలేదు. చిన్నోడు అమ్మ పాదాలకి అంటిన సుద్దనీ టీనీ తన చేతి రుమాలుతో తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

పెద్దోడు అమ్మని లేవదీసి బల్ల మీద కూర్చోబెట్టి, ఎవరితో ఏమీ చెప్పకుండా బయటికి వెళ్ళాడు. వీధిలో నడుస్తూనే మేస్త్రికి ఫోను చేసి రేపు రావద్దన్నాడు. ఎప్పుడు రమ్మంటారని వాడు విసుక్కుంటే, కొట్టాల్సింది ఏ గోడో తేలాక అన్నాడు. కొట్టు తీసి, సీటు అంచుల్లో వేసి కుట్టే లావుపాటి పైపింగు తాడు చుట్ట ఒకటి, రెక్సిన్ అంటించే గమ్ము డబ్బా ఒకటి పట్టుకుని వచ్చాడు.

ఆ తాడు చూడగానే చిన్నోడికి అర్థమైంది. ఏమీ అడక్కుండా పంటు మోకాళ్ళ దాకా మడుచుకున్నాడు.

"ఈసారి కాయితం వద్దన్నయ్యా. అమ్మ చెప్పినట్టు గీద్దాం," అన్నాడు. ఆగి, ఇంకా చిన్న గొంతుతో, "నాకూ ఆ కాయితం సరిగా అర్థం కాలేదు. ఇంజనీరు తల ఊపమంటే ఊపాను," అన్నాడు.

పెద్దోడు వాడి కేసి చూసి, చాలా రోజుల తరువాత నవ్వాడు. "బాగానే చదివించాను నిన్ను," అన్నాడు. ఈసారి ఆ మాట ఎవరికీ గుచ్చుకోలేదు.

ముందు హాల్లో సుద్ద గోడంతా తడిగుడ్డతో తుడిచేశారు. నడిమి గోడ నడిమి గోడగానే ఉంటుందని తేలిపోయింది. మరి చిన్నోడికి గది? అవతలి ఇరుకు మధ్య గది మిగిలింది. దాన్నిండా పెద్దోడి రెక్సిన్ చుట్టలు, స్పాంజి బస్తాలు, ఎవరూ కదల్చడానికి సాహసించని విరిగిన సీట్లు. అందుకే ఇంజనీరు కాయితం హాలు మీద పడింది. పెద్దోడు దాని పెరటి వైపు గుమ్మంలో నిలబడి వాటిని చూసి, నెత్తి గోక్కుని, రేపు కొట్టుకి తరలిస్తానంటూ అన్నిటినీ ఓ మూలకి నెట్టాడు. భార్య నమ్మలేనట్టు చూసింది. పెరటి వైపు గోడ కాస్త బయటికి జరిపితే మంచం పడుతుంది, బీరువా కూడా పడుతుందేమో అని మరదలు లెక్క వేసింది. పడకపోతే బీరువాలోంచి నడవడానికి నానమ్మ ఉందిగా అని కూతురు అంది. అందరికంటే ముందు నవ్వింది అమ్మే.

కొత్త గోడ వచ్చే చోటల్లా పైపింగు తాడు అంటించారు. పెద్దోడు గమ్ము రాస్తుంటే చిన్నోడు తాడు ఒత్తుకుంటూ వచ్చాడు. పని అయ్యేసరికి ఎండ కిటికీలోంచి వంగి నేల మీద పడింది. అమ్మ ఒట్టి కాళ్ళతో తాడు వెంట నడిచింది. పాదం వేళ్ళతో తడిమి చూసుకుంటూ, ఇది మీ గోడ, ఇది గుమ్మం, ఇక్కడ మెట్టు పెట్టకండి పడతాను, ఇక్కడ తలుపు నా వైపు తెరుచుకోకూడదు అని చెబుతూ నడిచింది. ఇంజనీరుకి తట్టనివి చాలా చెప్పింది. పెద్దోడు వెనకాలే వంగి, ఆమె అన్న చోటల్లా తాడు పీకి మళ్ళీ అంటించాడు.

చివరికి ఒక్క చిక్కు మిగిలింది. చిన్నోడి గదికి హాల్లోంచి దారి కావాలంటే నడిమి గోడలో ఒక గుమ్మం కొట్టక తప్పదు. అంటే అమ్మ చెయ్యి పట్టుకు నడిచే దారిలో, సరిగ్గా మధ్యలో, ఒక ఖాళీ వస్తుంది. చార అక్కడ తెగిపోతుంది. గోడ మీద ఆ గుమ్మం మేర సుద్దతో గీస్తూ పెద్దోడు ఆగిపోయాడు.

చిన్నోడు వెళ్ళి ఆ గీతల మధ్య, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

అమ్మ తన గది గుమ్మం నుంచి బయలుదేరింది. కుడి చెయ్యి చార మీద పెట్టి, అలవాటైన నడకతో వచ్చింది. సుద్ద గీత దగ్గరికి రాగానే చేతి కింద గోడ పోయి మెత్తటి చొక్కా తగిలింది. ఆగింది. భుజం, మెడ, గడ్డం తడిమి చూసింది. చెంప దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు తడిశాయి.

"ఏంట్రా పెద్దోడా, ఈ గోడకి చెమ్మ ఎక్కింది," అంది.

పెద్దోడు తమ్ముడి పక్కనే వెళ్ళి నిలబడ్డాడు. అమ్మ చెయ్యి ఒకడి భుజం మీంచి ఇంకొకడి భుజం మీదకి జరిగింది. అక్కడి నుంచి మళ్ళీ గోడ అందుకుంది.

"గుమ్మం పెట్టుకోండి," అంది, వంటింటి వైపు నడుస్తూ. "టీ మళ్ళీ పెడతాను. ఎవరూ లేవకండి."

ఎవరూ లేవలేదు.